పద్దెనిమిది రోజుల కూలి, ముప్పై రోజుల ఖర్చు

ఎలీషా ప్రవక్త దగ్గరకు మొరపెట్టుకుంటూ వచ్చిన విధవరాలు ఎవరో మనం తరచూ మరచిపోతాం. నూనె కుండ అద్భుతం మాత్రం సండేస్కూలు పిల్లలకు కూడా గుర్తుంటుంది. ఆమె తాగుబోతు భార్య కాదు, సోమరి భార్య అంతకంటే కాదు. ప్రవక్తల శిష్యుల్లో ఒకరి భార్య. ఈనాటి మాటల్లో చెప్పాలంటే ఒక సంఘకాపరి భార్య. భర్త భక్తిపరుడన్న సంగతి ఎలీషాకు కూడా తెలుసని ఆమె ధైర్యంగా గుర్తుచేసింది. అంతటి భక్తిపరుడు కూడా అప్పు మిగిల్చి కన్నుమూశాడు. అప్పులవాడు ఇద్దరు కొడుకుల్నీ బానిసలుగా తీసుకుపోవడానికి వచ్చి నిలబడ్డాడు (2 రాజులు 4:1-7).

అప్పుల్లో ఉన్న విశ్వాసిని చూడగానే 'ఇతని భక్తిలో ఏదో లోపముంది, లేదా ఇతను బాధ్యత తెలియనివాడు' అని తీర్పు చెప్పడానికి మన నాలుక తొందరపడుతుంది. లేఖనం అలా తొందరపడలేదు. ఎలీషా ఆమెను తప్పుపట్టలేదు. అలాగని ఓదార్పు మాటలు చెప్పి పంపించేయనూ లేదు. నేనేమి చేయాలి అని అడిగి, వెంటనే ఇంట్లో ఏముందని అడిగాడు. ఆ రెండో ప్రశ్న చాలా కఠినమైనది. దానికి జవాబు చెప్పాలంటే ఇల్లంతా వెతకాలి, ఉన్నదీ లేనిదీ లెక్క తేలాలి. కొద్దిగా నూనె తప్ప మరేమీ లేదని తేలింది. అద్భుతం అక్కడ మొదలైంది.

హైదరాబాద్ పాతబస్తీ అంచున ఉన్న సైదాబాద్‌లో అదే ప్రశ్న వేసి చూద్దాం. ఒకవైపు వినయ్‌నగర్ లాంటి ఉద్యోగస్తుల కాలనీలు, మరోవైపు సింగరేణి కాలనీ గుడిసెలు, ఇంకాస్త ముందుకు వెళితే చంచల్‌గూడ, మాదన్నపేట మండి. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల నుంచి బతుకుతెరువు కోసం వచ్చిన కుటుంబాలు ఈ చుట్టుపక్కల బస్తీల్లో కనిపిస్తాయి. మగవాళ్లు మేస్త్రీల దగ్గర కూలీకో, ఆటో నడపడానికో, హమాలీ పనికో వెళతారు. ఆడవాళ్లు కాలనీల్లో ఇళ్లపని చేస్తారు. ఆదివారం ఉదయం ఉతికిన బట్టలు కట్టుకుని, బైబిలు చేతబట్టుకుని ఆరాధనకు వచ్చే వాళ్లలో చాలామంది వీళ్లే. పులుపిటం మీదినుంచి వీళ్లకు తరచూ వినిపించే మాట 'ఆదాయానికి తగ్గట్టు ఖర్చు పెట్టుకోండి' అని. మంచి మాటే. అయితే ఆ ఆదాయం ఎంత, ఆ ఖర్చు ఎంత అన్న లెక్క ఆ ప్రసంగాల్లో ఎప్పుడోగాని వినిపించదు.

ఒక ఇంటిని ఊహించుకుని లెక్క వేద్దాం. ఇది ఫలానా వాళ్లదని కాదు, కాని ఇలాంటివి ప్రతి సంఘంలోనూ ఉన్నాయి. భర్తకు రోజు కూలి 700 రూపాయలు. నెలకు పద్దెనిమిది రోజులు పని దొరికితే 12,600. భార్య మూడిళ్లలో పనిచేస్తే 7,500. మొత్తం 20,100. ఇక ఖర్చు. ఒక గది అద్దె 5,500. కిరాణా, కూరగాయలు, పాలు కలిపి 7,000. గ్యాసు 900. ఇద్దరు పిల్లల ఫీజు 2,400. ఫోన్లకు 600. బండి పెట్రోలుకు 1,200. వారానికి 750 చొప్పున గ్రూపు లోను కిస్తీ 3,000. కూడితే 20,600. ఇందులో మందుల్లేవు, బట్టల్లేవు, పెళ్లి పిలుపుల్లేవు, ఊరికి వెళ్లే బస్సు చార్జీల్లేవు, ఆదివారం కానుక లేదు. అప్పటికే 500 రూపాయల లోటు!

కొంత సాయం అందుతున్న మాట నిజం. 2025 ఉగాది నుంచి రేషన్ కార్డు మీద మనిషికి ఆరు కిలోల చొప్పున సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో టికెట్ లేదు. 2024 మార్చి నుంచి అర్హులైన ఇళ్లకు 200 యూనిట్ల లోపు కరెంటు బిల్లు సున్నా. అందుకే పై లెక్కలో బియ్యానికి, కరెంటుకు, ఆమె బస్సుకు విడిగా ఏమీ రాయలేదు. అవన్నీ ఇచ్చాకే ఈ 500 లోటు.

అసలు కష్టం ఈ 500 కూడా కాదు. జూలై, ఆగస్టు నెలల్లో ముసురు పట్టిందంటే సెంట్రింగ్ పని ఆగిపోతుంది. పద్దెనిమిది రోజుల కూలి పన్నెండు రోజులకు పడిపోతుంది. 12,600 వచ్చేచోట 8,400 మాత్రమే చేతికొస్తుంది. ఇంటి యజమాని మాత్రం ఒకటో తారీఖునే తలుపు కొడతాడు. వానకు కిస్తీ ఆగదు. జీతగాడి పేదరికానికీ కూలీ పేదరికానికీ ఉన్న తేడా ఇదే. జీతగాడికి తక్కువే వచ్చినా ఎంత వస్తుందో ముందే తెలుసు. కూలీకి అది కూడా తెలియదు. అందుచేత జీతగాళ్ల కోసం తయారైన పొదుపు పాఠాన్ని, 'నెల మొదట్లోనే ఇంత శాతం పక్కన పెట్టండి' అన్న పాఠాన్ని, కూలీకి చెబితే అతను మర్యాదగా తల ఊపి ఇంటికి వెళ్లిపోతాడు.

పొదుపు గురించి బైబిలు చెప్పిన రెండు ప్రసిద్ధ పాఠాలూ ఈ ఎగుడుదిగుడు ఆదాయం గురించినవే కావడం గమనించదగిన విషయం. యోసేపు ఐగుప్తు దేశంలో ఏడు సమృద్ధి సంవత్సరాల్లో ఐదో వంతు పంటను కూర్చి కరువు సంవత్సరాలకు నిలువ చేశాడు (ఆదికాండము 41). సామెతల గ్రంథం ఆరో అధ్యాయంలోని చీమ కోతకాలంలో ధాన్యం సేకరిస్తుంది. సోమరిని తిట్టడానికి ఆ చీమను వాడుకున్నంతగా దాని తెలివిని మనం గమనించలేదు. ఏడాది పొడవునా ఒకేలా దొరకదని దానికి తెలుసు. మార్చి, ఏప్రిల్, మే నెలల్లో ఇరవై రెండు, ఇరవై మూడు రోజులు పని దొరికినప్పుడు అదనంగా వచ్చిన ఆ నాలుగైదు రోజుల కూలిని జూన్ ఫీజులకు, జూలై వానలకు అని పేరు పెట్టి దాచుకోగలిగితే, మన బస్తీలో యోసేపు చేసిన పని అదే. అదనపు కూలి వచ్చిన వారమే ఫోను మార్చడం, ఈఎంఐ మీద టీవీ తేవడం చేస్తే జూలైలో గుమ్మంలోకి ఫైనాన్స్ వాడు వస్తాడు. ఇక్కడ బాధ్యత మనదే, సందేహం లేదు.

దాచడానికి చోటు ఏదన్నది మరో ప్రశ్న. డబ్బు ఇంట్లో ఉంటే అడిగేవాళ్లు ఎక్కువ. తమ్ముడికి చేబదులు, ఆడబిడ్డకు ఆసుపత్రి ఖర్చు, కాదంటే బంధుత్వం చెడుతుంది. 'చిట్టీకి కట్టేశాను' అంటే మాత్రం ఎవరూ ఏమీ అనరు! చిట్టీలను మనవాళ్లు వదలకపోవడానికి సగం కారణం ఇదే. కాకపోతే ఆ చిట్టీ 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టరు అయినదా, లేక పక్క వీధి అక్క నమ్మకం మీద నడుపుతున్నదా అన్నది చూసుకోవాలి. హైదరాబాద్‌కు ఈ విషయంలో చేదు జ్ఞాపకాలున్నాయి. 2001లో కృషి బ్యాంకు, 2002లో చార్మినార్ సహకార బ్యాంకు కుప్పకూలినప్పుడు చిన్న చిన్న డిపాజిటుదారులు ఏళ్ల తరబడి తిరిగారు. అప్పట్లో బ్యాంకు డిపాజిట్లకు బీమా లక్ష రూపాయల వరకే. 2020లో దాన్ని 5 లక్షలకు పెంచారు. పక్క వీధి అక్కకు ఏ బీమా లేదు.

ఇప్పుడు అప్పు సంగతికి వద్దాం. మన దగ్గర వడ్డీని 'నూటికి ఇంత' అని నెల లెక్కన చెబుతారు. వినడానికి చిన్నగా ఉంటుంది. నూటికి మూడు అంటే ఏడాదికి 36 శాతం, నూటికి ఐదు అంటే 60, నూటికి పది అంటే 120. రోజువారీ ఫైనాన్స్ మరీ మాయ. పదివేలు అప్పు రాసుకుని వెయ్యి ముందే పట్టుకుని తొమ్మిదివేలు చేతికిస్తారు. రోజుకు 100 చొప్పున వంద రోజులు కట్టాలి. 'వెయ్యి రూపాయలే కదా, నూటికి పదే కదా' అనుకుంటాం. కాని రోజూ కడుతూ పోవడం వల్ల మన దగ్గర సగటున ఉండేది నాలుగున్నర వేలే. దానిపై వంద రోజులకు వెయ్యి అంటే 22 శాతం, ఏడాదికి దాదాపు 80 శాతం. ఈ లెక్క వేయడానికి డిగ్రీ అక్కర్లేదు, ఏడో తరగతి పిల్లవాడు చాలు. యవ్వనస్థుల కూడికలో బైబిలు క్విజ్‌తో పాటు ఒక్క శనివారం ఈ లెక్క చేయిస్తే ఎంత బాగుంటుంది!

ఈ నగరంలోనే జరిగిన ఒక పరిశోధన గురించి మన సంఘాలు తెలుసుకోవాలి. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, రేచల్ గ్లెనర్‌స్టర్, సింథియా కినన్ అనే నలుగురు ఆర్థికవేత్తలు హైదరాబాద్‌లోని 104 బస్తీలను తీసుకున్నారు. వీరిలో మొదటి ఇద్దరికీ 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. 2005లో వాళ్లు మొదట విచారించినప్పుడు పదింట దాదాపు ఏడు కుటుంబాలు అప్పటికే ఏదో ఒక అప్పులో ఉన్నాయి. వడ్డీ సగటున నెలకు నూటికి నాలుగు రూపాయలకు కాస్త తక్కువ. ఆ 104లో చీటీ వేసినట్టుగా సగం బస్తీలను ఎంపిక చేసి, వాటిలో స్పందన అనే సూక్ష్మరుణ సంస్థ శాఖలు తెరిచింది. ఆరు నుంచి పదిమంది ఆడవాళ్లు ఒక గ్రూపు. మొదటి అప్పు సాధారణంగా పదివేలు, యాభై వారాల్లో తీర్చాలి. మిగతా సగం బస్తీల్లో ఆ సంస్థ అప్పటికి శాఖలు పెట్టలేదు. ఏడాదిన్నర లోపు తిరిగి వచ్చి ఆరువేల ఎనిమిది వందలకు పైగా ఇళ్లను అడిగి, రెండు రకాల బస్తీలనూ పోల్చి చూశారు.

ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. అప్పు దొరికినంత మాత్రాన ఇంటి మొత్తం ఖర్చు, అంటే ఇంటిల్లిపాదీ తినేదీ కట్టేదీ, సగటున పెరగలేదు. పిల్లల చదువులో, ఆరోగ్యంలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. అప్పు పేదరికాన్ని తుడిచేస్తుందని ప్రచారం చేసినవాళ్లకు ఇది చేదు కబురు. కాని మరో విషయం కూడా తేలింది. అప్పు అందుబాటులోకి వచ్చిన బస్తీల్లో ఇంటికి పనికొచ్చే వస్తువులు, వ్యాపార పరికరాలు కొనడం పెరిగింది. పొగాకు, మద్యం, బయటి టీ, తినుబండారాలు, జూదం లాంటి ఖర్చులు తగ్గాయి. పండుగలు, వేడుకల ఖర్చూ తగ్గింది. కళ్ల ముందు ఒక గురి ఉంటే పేదవాడు తన నోరు తానే కట్టుకోగలడన్నమాట. పేదవాళ్లకు నిగ్రహం లేదని మాట్లాడేవాళ్లు ఇది చదవాలి. కిస్తీ కట్టడానికి బీడీ మానుకోగలిగిన మనిషి, పొదుపు కోసం కూడా మానుకోగలడు కదా అని ఆ మనిషి కూడా తనను తాను అడగాలి.

ఆ తరువాతి చరిత్ర మనకు తెలిసిందే. ఒక్కో ఇంట్లో మూడు నాలుగు సంస్థల అప్పులు, వసూలు కోసం వేధింపులు, ఆత్మహత్యలు. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, తరువాత అది చట్టమైంది. వసూళ్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ సంస్థలతో పాటు నిజాయితీగా కట్టుకుంటూ వచ్చిన వాళ్లకు కూడా కొత్త అప్పు పుట్టకుండా పోయింది, వాళ్లు తిరిగి పాత వడ్డీ వ్యాపారి దగ్గరకే వెళ్లారు. 2020 చివర్లో సెల్‌ఫోన్ యాప్‌ల రూపంలో అదే వేధింపు ఇంకా క్రూరంగా తిరిగి వచ్చింది. ఫోనులోని నంబర్లన్నిటికీ అసభ్యమైన సందేశాలు పంపి పరువు తీయడం వాళ్ల ఆయుధం. అలాంటిది ఎదురైతే సిగ్గుతో దాచుకోకుండా 1930 నంబరుకు ఫోను చేసి సైబర్ పోలీసులకు చెప్పాలి. సంఘకాపరులు ఈ నంబరును నోటీసు బోర్డు మీద రాసి పెట్టడం మేలు.

సూక్ష్మరుణాలకు 2022లో రిజర్వు బ్యాంకు ఒక హద్దు గీసింది. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న ఇంటికి తాకట్టు లేకుండా ఇచ్చే ఈ అప్పుల విషయంలో, ఆ ఇంటి మీద ఉన్న అన్ని అప్పుల కిస్తీలూ కలిపి నెలసరి ఆదాయంలో సగానికి మించకూడదు. ఇది ఇచ్చేవాడికి పెట్టిన హద్దు. పుచ్చుకునేవాడు మాత్రం సగం దాకా ఆగాల్సిన పనిలేదు. మనం పైన వేసిన లెక్కలో ఆరో వంతు కూడా లేని కిస్తీకే ఇల్లు లోటులో పడింది!

గ్రూపు లోనుల్లో మన విశ్వాసులు గమనించని ప్రమాదం మరొకటుంది. ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలి. సామెతల గ్రంథం దీన్ని పూటపడడం అంటుంది, ఉచ్చులో చిక్కిన లేడితో పోల్చి, నిద్రపోకుండా తప్పించుకోమంటుంది (6:1-5). ప్రార్థన గ్రూపునే లోను గ్రూపుగా మార్చుకున్నచోట ఏం జరుగుతుందో వేరే చెప్పాలా? ఒక వారం కిస్తీ తప్పిన సహోదరి తరువాతి వారం ప్రార్థనకు రాదు. ఎవరి ముఖం చూడాలి? అప్పు సంగతి పక్కనుంచితే, ఒక ఆత్మ కూడికకు దూరమైంది. లోను గ్రూపు, ప్రార్థన గ్రూపు రెండూ ఒకటి కాకుండా చూసుకోవడం ఆ సహోదరీల బాధ్యత, వాళ్లకు చెప్పడం కాపరి బాధ్యత.

ఇంటి లెక్కలో దాపరికం మరో చెదపురుగు. భర్త మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్న సంగతి భార్యకు తెలియదు. భార్య రెండో గ్రూపులో చేరిన సంగతి భర్తకు తెలియదు. కిరాణా కొట్టులో ఉద్దెర ఎంతైందో కొట్టువాడికి తప్ప ఇద్దరికీ తెలియదు. అననీయ సప్పీరాలు ఘోరమైన తప్పు చేశారుగాని, కనీసం భార్యాభర్తలిద్దరికీ లెక్క ఒకటే తెలుసు! మన ఇళ్లలో అది కూడా లేదు. పది రూపాయల నోటుపుస్తకం కొని, శనివారం రాత్రి ఇద్దరూ కూర్చుని, వచ్చినదీ పోయినదీ రాసుకుంటే మొదటి నెల తగవు తప్పదు. రెండో నెలకు తగవు తగ్గుతుంది. గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువు అడిగింది శిష్యత్వం గురించే (లూకా 14:28). కాని లెక్క చూసుకోవడం తెలివైన పని అని ఆయన అందరికీ తెలిసిన విషయంగా ఎంచాడు. మొగుడు కూలి డబ్బుతో నేరుగా వైన్‌షాపు దారి పట్టే ఇంట్లో ఏ నోటుపుస్తకమూ పనిచేయదు. అక్కడ మొదట కావలసింది మారుమనస్సు. మన సంఘాల్లో అలాంటివాళ్లు లేరని నటించడం మానేస్తే కొన్ని ఇళ్లయినా బాగుపడతాయి.

బాధ్యత గురించి పేదవాడితో ఇంత మాట్లాడినప్పుడు, లేఖనం అవతలివాళ్లతో మాట్లాడిన మాటలు కూడా చెప్పాలి. నెహెమ్యా ఐదో అధ్యాయంలో జనం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు కుదువపెట్టి కరువులో ధాన్యం తెచ్చుకున్నామని, పిల్లల్ని దాస్యానికి అప్పగిస్తున్నామని ఏడ్చారు. నెహెమ్యా వాళ్లకు పొదుపు మీద ప్రసంగం చేయలేదు. ప్రధానులను, అధికారులను సభకు పిలిచి గద్దించాడు. తీసుకున్న పొలాలు, ఇళ్లు, వడ్డీ ఆ రోజే తిరిగి ఇప్పించాడు. ధర్మశాస్త్రం తిరగలిని తాకట్టు పెట్టుకోవద్దన్నది (ద్వితీయోపదేశకాండము 24:6). తిరగలి అంటే ఆ పూట అన్నం. సైదాబాద్‌లో అది ఆటో కావచ్చు, కుట్టుమిషను కావచ్చు, మాదన్నపేట మండి ముందు నిలబెట్టిన తోపుడు బండి కావచ్చు. మన సంఘాల్లో ముందు వరుసలో కూర్చునే వడ్డీ వ్యాపారులకు ఈ వచనం ఎప్పుడైనా వినిపించామా? వాళ్ల కానుక పెద్దది కాబట్టి వినిపించలేదేమో.

కానుకల మాట వచ్చింది కనుక ఇంకొంచెం చెప్పుకోవాలి. విధవరాలి రెండు కాసుల గురించి కానుకల సమయంలో ఎన్నోసార్లు విన్నాం. మార్కు సువార్త పన్నెండో అధ్యాయంలో ఆ సంగతికి సరిగ్గా ముందున్న వచనాల్లో, విధవరాండ్ర ఇళ్లను దిగమింగుతూ దీర్ఘ ప్రార్థనలు చేసే శాస్త్రుల గురించి ప్రభువు హెచ్చరించాడు. ఆ రెండూ పక్కపక్కనే ఎందుకున్నాయో ఆలోచించాలి. అప్పు తీరాలంటే ముందు విత్తనం వేయండి, పదింతలు వస్తుంది అని వడ్డీకి తెచ్చిన డబ్బును కూడా పెట్టెలో వేయిస్తున్న బోధకులున్నారు. పౌలు కొరింథీయులకు రాసినది అలా లేదు. మనిషి దగ్గర ఉన్నదాన్ని బట్టి ఇచ్చేదే అంగీకారమని, లేనిదాన్ని బట్టి కాదని ఆయన ఉద్దేశం (2 కొరింథీ 8:12). ఇంటివాళ్లను పోషించుకోని విశ్వాసి గురించి తిమోతికి ఎంత ఘాటుగా రాశాడో కూడా తెలుసు (1 తిమోతి 5:8). ఇక మన కృతజ్ఞత కూడికలు! పిల్లవాడి మొదటి పుట్టినరోజుకు ఫ్లెక్సీ, షామియానా, రెండొందల మందికి బిర్యానీ, వాక్యం చెప్పినవారికి శాలువా. దేవునికి కృతజ్ఞత చెల్లించడానికి ఫైనాన్స్ వాడి దగ్గర చేయి చాచాల్సి రావడం ఏం సాక్ష్యం? ఈ ఆచారాన్ని పేదలు ఆపలేరు, పరువు అడ్డమొస్తుంది. సంఘంలో స్తోమత ఉన్నవాళ్లు తమ ఇంట్లో టీ, బిస్కెట్లతో కూడిక పెట్టి చూపిస్తే మిగతావాళ్లకు ఊపిరాడుతుంది.

ఈ విషయంలో మన సంఘ చరిత్రలో వెలుగు లేకపోలేదు. మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీ 1746లో లండన్‌లో పేదల కోసం ఒక అప్పు నిధి మొదలుపెట్టాడు. చందాలుగా పోగైంది 30 పౌండ్ల 16 షిల్లింగులు. ఒకరికి ఒకసారి 20 షిల్లింగులే ఇచ్చేవారు, వారం వారం కట్టుకుంటూ మూడు నెలల్లో తీర్చాలి. ఆ కొద్ది సొమ్ముతోనే పద్దెనిమిది నెలల్లో 255 మందికి సాయం అందిందని 1748 జనవరిలో తన దినచర్యలో రాసుకున్నాడు. తీర్చిన డబ్బే తిరిగి మరొకరికి వెళ్లింది కాబట్టి అది సాధ్యమైంది. ఆ నిధి పెరిగాక ఐదు పౌండ్లు తీసుకుని పుస్తకాల కొట్టు నిలబెట్టుకున్న జేమ్స్ లాకింగ్టన్ అనే చెప్పులు కుట్టే మనిషి, చివరకు లండన్‌లోకెల్లా పెద్ద పుస్తక వ్యాపారుల్లో ఒకడయ్యాడు. వెస్లీ తన విషయంలోనూ అంతే కచ్చితంగా ఉన్నాడు. ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నప్పుడు ఏడాదికి 30 పౌండ్లు వస్తే 28తో బతికి రెండు ఇచ్చేశాడు. 60 వచ్చిన ఏడు కూడా 28తోనే బతికి 32 ఇచ్చేశాడు. ఆదాయం పెరిగినా ఖర్చును ఉన్నచోటే నిలబెట్టడం ఎంత కష్టమో జీతం పెరిగిన ప్రతివాడికీ తెలుసు.

వెస్లీ పరంపరలో తెలంగాణకు వచ్చిన చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు మెదక్‌లో మహాదేవాలయం కట్టించారు. అది 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. కరువుతో అల్లాడుతున్న జనానికి ఆ కట్టడంలో పని కల్పించి తిండి పెట్టారన్నది మెదక్ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకునే మాట. భిక్షం పెట్టకుండా పని ఇచ్చాడు. ద్రాక్షతోట యజమాని కూడా అంతే (మత్తయి 20). సాయంత్రం ఐదు గంటలకు కూడా ఎవరూ పిలవక అడ్డా మీద నిలబడ్డవాళ్లను లోపలికి పిలిచాడు. హైదరాబాద్ లేబర్ అడ్డాల్లో పొద్దున పది దాటాక టిఫిన్ డబ్బా చేతిలో పట్టుకుని ఇంకా నిలబడి ఉన్నవాళ్లను చూసినవారికి ఆ ఉపమానం వేరే విధంగా అర్థమవుతుంది. ఒక దేనారం అంటే ఒక రోజు కూలి, ఒక రోజు కుటుంబం తిండి. చివర వచ్చినవాడి పిల్లలకు ఆకలి తక్కువగా ఉండదు కదా!

అరవై కుటుంబాల సంఘంలో ఇంటికి నెలకు 50 రూపాయలు వేసినా ఏడాదికి 36,000 అవుతుంది. ఒక్కొక్కరికి మూడువేల చొప్పున, వారానికి 250 కట్టుకుంటూ పన్నెండు వారాల్లో తీర్చే షరతుతో, వడ్డీ లేకుండా ఇస్తే ఒకేసారి పన్నెండు ఇళ్లకు అందుతుంది. మూడు నెలలకు మరో పన్నెండు. జూన్ ఫీజు, జూలై అద్దె ఈ మూడువేలతో గట్టెక్కుతాయి. దీనికి రెండు జాగ్రత్తలు తప్పనిసరి. తిరిగి కట్టనివాడికి ఎంత పెద్ద విశ్వాసి అయినా మళ్లీ ఇవ్వకూడదు. డబ్బు పెట్టె కాపరి దగ్గర ఉండకూడదు. అపొస్తలులే భోజనపు బల్లల పనిని ఏడుగురికి అప్పగించారు (అపొస్తలుల కార్యములు 6). ముగ్గురు లెక్క చూసి, మూడు నెలలకోసారి సంఘం ముందు చదివి వినిపించాలి. ఆ ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్లయితే డబ్బు క్షేమంగా ఉంటుందన్నది నా అభిప్రాయం. ఎవరైనా కాదంటే వాదించను.

చివరిగా ఆ ప్రవక్త శిష్యుడి భార్య సంగతి. భర్త పోయిన మరుక్షణం ఆమె మీద పడ్డ అప్పు, ఈ రోజు మన బస్తీలో సెంట్రింగ్ మీదినుంచి జారిపడ్డ కూలీ భార్య మీద కూడా అలాగే పడుతుంది. జన్‌ధన్ ఖాతా చాలామందికి ఉంది, కాని దానికి జత చేయదగిన బీమా సంగతి కొందరికే తెలుసు. ప్రధానమంత్రి జీవన్‌జ్యోతి బీమాకు ఏడాదికి 436 రూపాయలు, ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 2 లక్షలు, చేరడానికి వయసు 18 నుంచి 50. సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు, వయసు 18 నుంచి 70. రెండూ కలిపి 456. బ్యాంకుకు వెళ్లి ఒకసారి ఫారం నింపితే ఏటా ఖాతాలోంచి వాళ్లే తీసుకుంటారు. పాలసీ ఏడాది జూన్ 1న మొదలవుతుంది కాబట్టి మే నెలాఖరుకు ఖాతాలో ఆ డబ్బు లేకపోతే బీమా ఆగిపోతుంది. నామినీ పేరు దగ్గర భార్య పేరు ఆధార్ కార్డులో ఉన్నట్టే రాయించండి. బాప్తిస్మపు పేరు ఒకటి, ఆధార్ పేరు మరొకటి ఉన్న ఇళ్లు మనలో చాలా ఉన్నాయి.